మాట ఒక్కటే, వేళలు వేరు

ఆఫీసు కంప్యూటర్లలో కనిపించకుండా పనిచేసే ఏజెంటు ప్రోగ్రాముల సెట్టింగుల వెనక ఉన్న విజ్ఞానం

ఆఫీసు కంప్యూటరు ఇద్దరి మాట వింటుంది. ఒకరు దాని ముందు కూర్చున్న ఉద్యోగి. రెండోది ఐటీ విభాగం. వాళ్ళు ఆ అంతస్తులో ఉండకపోవచ్చు, అసలు ఆ ఊళ్ళోనే ఉండకపోవచ్చు. వాళ్ళ మాటను మోసుకొచ్చి ఈ కంప్యూటర్లో అమలు చేసే చిన్న ప్రోగ్రామునే ఏజెంటు అంటారు. తెర మీద దానికంటూ పెద్దగా ఏమీ కనిపించదు. మహా అయితే కింద కుడిమూల గడియారం పక్కన ఒక చిన్న బొమ్మ ఉంటుంది. కొత్త ప్రింటరు దానంతటదే జాబితాలో చేరినా, పెన్‌డ్రైవ్ పెడితే కంప్యూటరు ఒప్పుకోకపోయినా, సాయంత్రం ఇంటికి బయల్దేరే వేళకు ‘రీస్టార్ట్ చేయాలి’ అంటూ ఒక పెట్టె అడ్డుపడినా చాలా ఆఫీసుల్లో అది ఏజెంటు పనే.

మైక్రోసాఫ్ట్ కాన్ఫిగరేషన్ మేనేజర్, ఇన్‌ట్యూన్, చెన్నై సంస్థ జోహో తయారుచేసే ఎండ్‌పాయింట్ సెంట్రల్ వంటివి ఈ కోవలోవే. పేర్లు వేరైనా పనులు దాదాపు ఒకటే. కంప్యూటర్లో ఏమేం ఉన్నాయో లెక్క రాసి పంపడం, భద్రతా లోపాలకు ప్యాచ్‌లు వేయడం, కావలసిన సాఫ్ట్‌వేర్ దింపడం, ఆఫీసు పెట్టిన నియమాలు అమలవుతున్నాయో లేదో చూడడం. ఇవి ఎంతసేపటికోసారి, ఏ వేళలో, ఎంత వేగంతో, ఎవరి అనుమతితో జరగాలో చెప్పేవే ఏజెంటు సెట్టింగులు. పది కంప్యూటర్లున్న చోట వాటిని ఎలా పెట్టినా గడిచిపోతుంది. వెయ్యి ఉన్నచోట ఒక్క అంకె మార్చితే నెట్‌వర్కు మొత్తం ఊపిరాడక నిలిచిపోవచ్చు.

ఆజ్ఞ నుంచి స్థితికి

1990ల నాటికి ఆఫీసుల్లో టైపు మిషన్ల స్థానంలోకి పర్సనల్ కంప్యూటర్లు వచ్చేశాయి. ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగా తయారుచేసిన వాటిని దూరం నుంచి చూసుకోవడానికి ఉమ్మడి పద్ధతి ఉండేది కాదు. ఆ లోటు తీర్చడానికి తయారీదారులు 1992లో డెస్క్‌టాప్ మేనేజ్‌మెంట్ టాస్క్ ఫోర్స్ అనే సంఘంగా ఏర్పడ్డారు. 1994లో మైక్రోసాఫ్ట్ సిస్టమ్స్ మేనేజ్‌మెంట్ సర్వర్ మొదటి రూపం విడుదల చేసింది. ఇవాళ్టి కాన్ఫిగరేషన్ మేనేజర్‌కు మూలం అదే.

ఆలోచనలో అసలైన మలుపు వేరేచోట వచ్చింది. ఓస్లో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న భౌతికశాస్త్రవేత్త మార్క్ బర్జెస్ 1993లో సీఎఫ్ఇంజిన్ అనే ఉపకరణం రాశాడు. అంతకుముందు నిర్వాహకులు ‘ఈ ఫైలు పెట్టు, ఆ లైను చేర్చు’ అని ఆజ్ఞల వరస రాసేవారు. ఆ వరస మధ్యలో ఆగిపోతే కంప్యూటరు సగం మారి సగం మారకుండా ఉండిపోయేది. పొరపాటున రెండుసార్లు నడిపితే అదే లైను రెండుసార్లు చేరేది. బర్జెస్ పద్ధతిలో ఏం చేయాలో చెప్పరు, ఎలా ఉండాలో చెబుతారు. ‘ఫైర్‌వాల్ ఆన్‌లో ఉండాలి’ అన్నది నియమం. ఏజెంటు వచ్చి చూస్తుంది. ఆన్‌లో ఉంటే ఏమీ చేయదు, లేకపోతే ఆన్ చేస్తుంది. వందసార్లు చూసినా ఫలితం మారదు. ఎవరైనా నియమాన్ని తప్పించినా, తర్వాతి పరిశీలనలో కంప్యూటరు మళ్ళీ దారిలోకి వస్తుంది.

ఇవాళ్టి ఏజెంట్లు చాలావరకు ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి. అందుకే వాటికి పదేపదే చూసుకునే అలవాటు తప్పనిసరి. ఆ ‘పదేపదే’ అంటే ఎంతసేపటికోసారి అన్నది మొదటి సెట్టింగు.

గంటకా, ఎనిమిది గంటలకా?

రోజువారీ పనుల కోసం చాలా ఏజెంట్లకు సర్వర్ తనంతట తాను కబురు పంపదు. ఏజెంటే వెళ్ళి ‘నాకేమైనా పని ఉందా?’ అని అడుగుతుంది. దీనికి మంచి కారణం ఉంది. ప్రతి కంప్యూటరూ బయటినుంచి వచ్చే పిలుపు కోసం తలుపు తెరిచి ఉంచితే, ఆ తలుపులోంచి ఎవరైనా రావచ్చు. ఏజెంటే బయటికి వెళ్ళి అడిగితే లోపలికి దారి తెరవక్కర్లేదు. ఇంటినుంచి పనిచేసేవారి ల్యాప్‌టాప్ ఏ వైఫై వెనక ఉన్నా పని జరుగుతుంది.

ఎంత విరామం ఇవ్వాలన్న దానిపై తయారీదారుల లెక్కలు ఆసక్తికరంగా ఉంటాయి. కాన్ఫిగరేషన్ మేనేజర్ ఏజెంటు మామూలుగా 60 నిమిషాలకోసారి అడుగుతుంది. లైనక్స్ సర్వర్లలో ఎక్కువగా వాడే పప్పెట్ 30 నిమిషాలకు, ఇన్‌ట్యూన్ సుమారు 8 గంటలకు ఓసారి. విరామం తగ్గిస్తే మార్పు త్వరగా చేరుతుంది, సర్వర్ మీద బరువు పెరుగుతుంది. వెయ్యి కంప్యూటర్లు గంటకోసారి అడిగితే నిమిషానికి సగటున 17 పలకరింపులు. 5 నిమిషాలకోసారి అడిగితే 200. పన్నెండు రెట్లు బరువు పెంచి సాధించేదేమిటంటే, రోజుకు ఒకటో రెండో మార్పులు కాస్త ముందుగా చేరడం. అత్యవసరమైన పని ఉంటే అప్పటికప్పుడు ఏజెంట్లను లేపే పిలుపు విడిగా ఉంటుంది కాబట్టి, రోజువారీ విరామాన్ని కుదించడం వల్ల ఒరిగేది తక్కువ.

అయితే ఆ 17 అన్నది సగటు మాత్రమే. అసలు చిక్కంతా అక్కడే.

బర్కిలీలో దొరికిన సమాధానం

మన ఆఫీసుల్లో తరచూ జరిగేదే అనుకోండి. కరెంటు పోయింది, యూపీఎస్ చేతులెత్తేసింది. పావుగంటకు కరెంటు వచ్చింది. అందరూ ఒకేసారి కంప్యూటర్లు ఆన్ చేశారు. ప్రతి ఏజెంటు గడియారమూ ఆ నిమిషంలోనే మొదలైంది. ఇక గంట తర్వాత వెయ్యి ఏజెంట్లూ కలిసి సర్వర్ మీద పడతాయి. మరో గంటకు మళ్ళీ అదే. మిగతా 59 నిమిషాలు సర్వర్‌కు పనే ఉండదు. ఇంటర్ ఫలితాలు విడుదలైన క్షణంలో వెబ్‌సైటుకు పట్టే గతే గంటగంటకూ దీనికి పడుతుంది.

ఈ తరహా మూకుమ్మడి రాకను లోతుగా పరిశీలించినవారు కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో పనిచేసిన శాలీ ఫ్లాయిడ్, వాన్ జాకబ్‌సన్. బర్కిలీ నుంచి ఎంఐటీకి పంపిన పరీక్షా సందేశాల్లో కొన్ని దారిలో మాయమవుతున్నాయని, అదీ సరిగ్గా 90 సెకన్లకోసారి జరుగుతోందని 1992లో గమనించారు. దారిలోని రౌటర్లు ఒకదానికొకటి పంపుకునే సమాచారం ఒకే సమయంలో ఉప్పెనలా వచ్చిపడుతోంది. వాటిని ఎవరూ అలా కలిపి అమర్చలేదు. వేర్వేరు సమయాల్లో మొదలైనవే, కాలక్రమంలో ఒకే తాళానికి వచ్చి చేరాయి.

ఎందుకలా? ఒక రౌటరు పక్కదాని సందేశం చదివే పనిలో ఉంటే తన గడియారాన్ని ఆ పని పూర్తయ్యాకే మళ్ళీ మొదలుపెడుతుంది. ఒకే సమయంలో పనిలో పడ్డ రెండూ ఒకే సమయంలో బయటపడతాయి. అప్పట్నుంచి అవి జంట. ఆ జంటకు మూడోది తగులుతుంది. 1993లో ప్రచురించిన పరిశోధనలో వాళ్ళు చూపిన విశేషం ఏమిటంటే, చెల్లాచెదురుగా ఉన్న స్థితి నుంచి ఒకే తాళానికి రావడం మెల్లమెల్లగా కాక హఠాత్తుగా జరుగుతుంది. మందు కూడా వాళ్ళే చెప్పారు. ప్రతి విరామానికీ కొంత యాదృచ్ఛిక సమయాన్ని కలపాలి. నామమాత్రంగా కలిపితే చాలదు, చెప్పుకోదగ్గంత ఉండాలి.

ఏజెంటు సెట్టింగుల్లో కనిపించే ‘యాదృచ్ఛిక ఆలస్యం’ అన్న గడి ఈ సూత్రానికే కార్యరూపం. విండోస్ 2000తో వచ్చిన గ్రూప్ పాలసీ కంప్యూటర్లను 90 నిమిషాలకోసారి చూసుకోమంటుంది, దానికి సున్నా నుంచి 30 నిమిషాల మధ్య ఏదో ఒక అంకెను జోడిస్తుంది. పక్కపక్క బల్లల మీది కంప్యూటర్లు రెండూ ఒకే నియమాన్ని అందుకుంటాయి కానీ ఒకే నిమిషంలో అందుకోవు. ఎవరైనా ‘అన్నీ ఒకేసారి మారితే బాగుంటుంది కదా’ అని ఆ అంకెను సున్నా చేస్తే, కరెంటు పోయి వచ్చిన మర్నాటి నుంచే కష్టాలు మొదలవుతాయి.

సన్నని లైను లెక్క

వేళను విడదీసినా బరువు తగ్గదు. ఏజెన్సీ ప్రాంతంలో ఒక బ్యాంకు బ్రాంచి ఉందనుకుందాం. 40 కంప్యూటర్లు, హెడ్డాఫీసుకు సెకనుకు 8 మెగాబిట్ల లైను. 600 మెగాబైట్ల అప్‌డేట్ వచ్చింది. ప్రతి కంప్యూటరూ విడిగా తెచ్చుకుంటే 24,000 మెగాబైట్లు, అంటే 1,92,000 మెగాబిట్లు. ఆ లైను మీద 24,000 సెకన్లు, అనగా 6 గంటల 40 నిమిషాలు. అంతసేపూ కౌంటరు దగ్గర ఖాతాదారు నిలబడి ఉండాల్సిందే.

అదే ఒక్క కంప్యూటరు మాత్రం తెచ్చుకుని, మిగతా 39కి బ్రాంచి లోపలి నెట్‌వర్కులో పంచితే? బయటి లైను మీద పది నిమిషాలు. లోపల సెకనుకు వెయ్యి మెగాబిట్ల వైరింగు ఉంటే పంపకానికి లెక్క ప్రకారం మూడు నిమిషాలు చాలు. ఇరుగుపొరుగు కంప్యూటర్ల నుంచి ముక్కలు తెచ్చుకునే ఈ ఏర్పాటు ఇప్పుడు విండోస్‌లోనే ఉంది. పెద్ద ఏజెంటు వ్యవస్థల్లో బ్రాంచికొక పంపిణీ కేంద్రాన్ని పెట్టుకోవచ్చు. పని గంటల్లో ఏజెంటు లైనులో ఎంత వాటా వాడాలో పరిమితి కూడా పెట్టవచ్చు. ఇన్ని సదుపాయాలున్నా, బ్రాంచి ఏ గుంపులోకి వస్తుందో సెట్టింగుల్లో చెప్పకపోతే ఏజెంటు హెడ్డాఫీసునే నమ్ముకుంటుంది.

లెక్కలు పంపే పనికీ ఇదే వర్తిస్తుంది. ఏయే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయో చూడడానికి డిస్కంతా గాలిస్తే పాత కంప్యూటరు పది నిమిషాలు మొరాయిస్తుంది. ‘సిస్టమ్ స్లో అయింది’ అన్న ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఇదే. అందుకే హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ వివరాలను వారానికోసారి, అదీ కిందటిసారి నుంచి మారినవాటినే పంపడం మేలైన పద్ధతి. ఆ లెక్కల విలువ ఏమిటో విండోస్ 10కి మద్దతు ముగిసిన 2025 అక్టోబరు 14 చెప్పింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. అది ఎన్ని కంప్యూటర్లలో ఉందో లెక్క చేతిలో ఉన్న ఆఫీసు ఏడాది ముందే కొనుగోళ్ళకు ప్రణాళిక వేసుకోగలిగింది.

రాత్రి పనికి పగటి అలవాటు అడ్డు

మైక్రోసాఫ్ట్ 2003 నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం భద్రతా ప్యాచ్‌లు విడుదల చేస్తోంది. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం పది అయ్యేసరికి మనకు రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. ఆ రాత్రే పని మొదలుపెట్టాలంటే కంప్యూటరు మేలుకోవాలి. అందుకొక చక్కని ఏర్పాటుంది. నిద్రలో ఉన్న కంప్యూటరు నెట్‌వర్కు కార్డుకు 102 బైట్ల సందేశం పంపుతారు. అందులో మొదట ఆరు బైట్ల గుర్తు, ఆ వెనక ఆ కార్డు సొంత చిరునామా పదహారుసార్లు ఉంటాయి. కార్డు తన చిరునామా అన్నిసార్లు వినపడగానే కంప్యూటర్ను లేపుతుంది.

కానీ కార్డు వినాలంటే దానికి కాస్తయినా కరెంటు అందాలి. వెళ్ళేటప్పుడు గోడ దగ్గర స్విచ్ కట్టేసే అలవాటున్న ఆఫీసులో ఆ పిలుపు ఎవరికీ వినపడదు. అలాంటి చోట రాత్రి రెండింటికి సమయం పెట్టి కూర్చుంటే ప్యాచ్ ఎన్నటికీ పడదు. మధ్యాహ్న భోజన విరామమే మేలు. రీస్టార్ట్ విషయంలోనూ అంతే. వాయిదాకు అసలు వీల్లేకపోతే టైపు చేస్తున్న నోట్‌ఫైలు పోతుంది. వాయిదాలకు అంతు లేకపోతే ప్యాచ్ దిగి ఉన్నా అమల్లోకి రాదు. మూడు రోజుల గడువు, ఆ లోపు ఉద్యోగికి నచ్చిన వేళ, ఆపైన తప్పనిసరి అన్నది చాలాచోట్ల కుదిరే మధ్యేమార్గం.

తొందరా, నిదానమా?

ప్యాచ్ ఆలస్యమైతే ఏమవుతుందో 2017లో లోకం చూసింది. విండోస్‌లోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14న మందు విడుదల చేసింది. మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాము, అదే లోపం గుండా ప్రపంచమంతా పాకింది. మధ్యలో 59 రోజులున్నాయి. అయినా బ్రిటన్ ఆస్పత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ కొన్ని దాని బారిన పడ్డాయి.

తొందరపడితే ఏమవుతుందో 2024 జులై 19న తెలిసింది. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ భద్రతా ఏజెంటుకు మన కాలమానంలో ఉదయం 9:39కి ఒక చిన్న ఫైలు వెళ్ళింది. అందులోని సమాచారం 21 గడులు ఉంటాయని ఆశిస్తే, ఏజెంటు ఇచ్చేవి 20. లేని ఇరవై ఒకటో గడి చదవబోయి విండోస్ కుప్పకూలింది. సంస్థ 10:57కి ఆ ఫైలును వెనక్కి తీసుకుంది. ఈలోగా మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు నీలి తెర మీద ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు.

ఈ ఘటనలో సెట్టింగుల పాఠం ఒకటుంది. ఏజెంటు కొత్త రూపం వెంటనే వద్దు, ఒక మెట్టు వెనకది చాలు అని చెప్పుకునే వీలు వినియోగదారులకు అప్పటికే ఉంది. చాలామంది అలాగే పెట్టుకున్నారు. కానీ ఆ రోజు వచ్చినది ఏజెంటు కొత్త రూపం కాదు, అది చదువుకునే సమాచారం. ఆ జాగ్రత్త దానికి వర్తించలేదు. తర్వాత సంస్థ దాన్నీ వినియోగదారుల చేతికిచ్చింది. రెండో విషయం మరీ ముఖ్యం. కంప్యూటరే లేవకపోతే ఏజెంటూ లేవదు. దూరం నుంచి సరిచేసే సాధనం అవసరమైన రోజునే పనికిరాలేదు. ఒక్కో యంత్రం దగ్గరికి మనిషి వెళ్ళి ఆ ఫైలును తీసేయాల్సి వచ్చింది.

ఈ రెండు అంచుల మధ్య దారి విడతలు. మొదటి రోజు ఐటీ విభాగం సొంత కంప్యూటర్లకు. రెండు రోజులాగి ప్రతి విభాగంలో ఒకరిద్దరికి, అందులో పాత మోడళ్ళూ అరుదైన సాఫ్ట్‌వేర్ ఉన్నవీ తప్పకుండా కలిపి. వారంలోపు అందరికీ. ప్రమాదకరమైన లోపమైతే ఈ మెట్లు గంటల్లోకి కుదించవచ్చు, కానీ ఎత్తేయకూడదు.

కాపలాదారు చేతి తాళాలు

విండోస్‌లో ఏజెంటు సాధారణంగా సిస్టమ్ ఖాతా కింద నడుస్తుంది. అంటే ముందు కూర్చున్న ఉద్యోగికి లేని అధికారాలు దానికుంటాయి. ఆ అధికారం చేతులు మారితే ఎలా ఉంటుందో 2021 జులై 2న కసేయా వీఎస్ఏ అనే నిర్వహణ సాఫ్ట్‌వేర్ వాడేవారు చూశారు. దాడి చేసినవారు కంప్యూటర్లను ఒక్కొక్కటిగా ఛేదించలేదు. సర్వర్లోని లోపం ద్వారా లోపలికి వెళ్ళి, అప్‌డేట్ పేరుతో ఏజెంట్ల చేతే రాన్సమ్‌వేర్ వేయించారు. 1,500 వరకు వ్యాపారాలు దెబ్బతిన్నాయి. స్వీడన్‌లో కూప్ సంస్థ దాదాపు 800 దుకాణాలు మూసుకుంది.

అందులోనూ ఒక సెట్టింగు చేయి ఉంది. ఏజెంటు పనిచేసే ఫోల్డరును యాంటీవైరస్ తనిఖీ నుంచి మినహాయించమన్నది అప్పటి సూచన. ఏజెంటు పని నెమ్మదించకూడదని పెట్టిన ఆ మినహాయింపే దొంగకు చాటైంది. మినహాయింపు ఇవ్వక తప్పకపోతే మొత్తం ఫోల్డరుకు కాక ఫలానా ఫైలుకే ఇవ్వాలి. సర్వరూ ఏజెంటూ సర్టిఫికెట్లతో ఒకరినొకరు గుర్తుపట్టాలి. సంతకం లేని స్క్రిప్టు నడవకూడదు. వెయ్యి కంప్యూటర్లకు వెళ్ళే ఆజ్ఞకు రెండో వ్యక్తి ఆమోదం తప్పనిసరి చేయాలి.

పలకని కంప్యూటర్లు

డాష్‌బోర్డు ‘98 శాతం కంప్యూటర్లకు ప్యాచ్ పడింది’ అంటుంది. అది పలికినవాటి లెక్క. పలకని వాటి సంగతి? వాటికి మామూలుగా రెండు కారణాలుంటాయి. ఒక కంప్యూటర్లో ఏజెంటుతో సహా అన్నీ పెట్టి, దాని నకలు నలభై కంప్యూటర్లలో దింపితే ఏజెంటు గుర్తింపు సంఖ్య కూడా నకలవుతుంది. సర్వర్‌కు నలభై ఒక్కటిగా కనిపిస్తాయి. నకలు తీసేముందు ఆ సంఖ్యను చెరిపేయాలి. రెండో కారణం మరీ చిన్నది. మదర్‌బోర్డు మీది నాణెమంత బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది. ఆ కంప్యూటరు దృష్టిలో సర్వర్ సర్టిఫికెట్ ఇంకా పుట్టనేలేదు, కాబట్టి నమ్మదు, మాట్లాడదు. విండోస్ డొమైన్‌లో లాగిన్‌కు వాడే కెర్బరోస్ పద్ధతి సైతం మామూలుగా 5 నిమిషాలకు మించిన తేడాను ఒప్పుకోదు. సంస్థల గడియారాలను జాతీయ సమయ సర్వర్లతో కలపాలని, లాగ్‌లను 180 రోజులు దాచాలని దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. చివరిసారి ఏ ఏజెంటు ఎప్పుడు పలకరించిందో చూసే జాబితా వారానికోసారి తెరిస్తే నకలు సంఖ్య, తప్పు తేదీ అనే ఈ రెండు చిక్కులూ బయటపడతాయి.

చూడగలిగినదంతా చూడాలా?

అమెరికాలోని పెన్సిల్వేనియాలో లోయర్ మెరియన్ పాఠశాలలు విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చాయి. పోయిన వాటిని వెతకడానికి ఏజెంటులో ఒక సదుపాయం ఉండేది. ఆన్ చేస్తే 15 నిమిషాలకోసారి కెమెరాతో ఫొటో, దానితోపాటు తెర చిత్రం తీసి పంపుతుంది. దొరికిన ల్యాప్‌టాప్‌ల మీద కూడా దాన్ని ఆపకుండా వదిలేశారు. ఒక విద్యార్థి కుటుంబం 2010లో కోర్టుకు వెళ్ళింది. విచారణలో 56 వేలకు పైగా చిత్రాలు బయటపడ్డాయి. పాఠశాలలు 6,10,000 డాలర్లకు రాజీపడ్డాయి. సాఫ్ట్‌వేర్ లోపం ఏమీ లేదు. ఎప్పుడు ఆపాలో సెట్టింగుల్లో లేదు, ఎవరు ఆన్ చేశారో అడిగేవారు లేరు.

మన దేశంలో 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్యోగ అవసరాలకూ, సంస్థను నష్టం నుంచి కాపాడుకోవడానికీ ఉద్యోగుల సమాచారం వాడుకునే వీలు కల్పించింది. చట్టం ఒప్పుకునేది ఒకటి, ఆఫీసు పని నడవడానికి కావలసినది మరొకటి. ప్యాచ్ వేయడానికి సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్ తెలిస్తే చాలు. ఏ ఫైలు పేరేమిటో, ఏ సైటు ఎంతసేపు చూశారో అక్కర్లేదు. ఏజెంటు ఏమేం సేకరిస్తోందో ఒక పేజీలో రాసి ఉద్యోగులకు ఇచ్చిన ఆఫీసులో, రీస్టార్ట్ పెట్టె కనిపించగానే ఎవరూ టాస్క్ మేనేజర్ తెరిచి ఏజెంటును ఆపేయాలని చూడరు.

ఏజెంటుతో వచ్చే తొలి అంకెలన్నీ ఎక్కడో ఒక సగటు ఆఫీసును ఊహించి పెట్టినవి. కరెంటు కోతలు, సన్నని లైన్లు, గోడ స్విచ్‌లు ఆ ఊహలో ఉండకపోవచ్చు. కాబట్టి ఏజెంటును నడిపేవారు ప్రతి సెట్టింగు పక్కన మూడు విషయాలు రాసుకోవాలి. ఈ అంకె ఎందుకు, దీన్ని మార్చే అధికారం ఎవరిది, మార్చితే మొదట ఏ పది కంప్యూటర్ల మీద చూడాలి. మూడోదానికి జవాబు లేని మార్పును ఆ రోజుకు ఆపేయడమే మంచిది.